ముగిసే కథల పక్షాన

మాంగా, అంటే జపాన్ కామిక్స్, చదివేవాళ్ల గురించి అమెరికన్ కామిక్స్ అభిమానులు తరచుగా చెప్పే మాట ఒకటుంది. వీళ్లంతా చిన్నప్పుడు టీవీలో యానిమే అనే జపాన్ కార్టూన్లు చూసి పెరిగినవాళ్లని, ఆ మోజులోనే పుస్తకాల దాకా వచ్చారని, అంతకు మించి ఇందులో అభిరుచి అంటూ ఏమీ లేదని వాళ్ల అభిప్రాయం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కార్టూన్ నెట్‌వర్క్‌లో డ్రాగన్ బాల్ జీ చూసి పెరిగిన తరం మన దగ్గరా ఉంది. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్ సినిమా మన థియేటర్లలో తెలుగు మాటలతో కూడా విడుదలైంది. అయితే తెర మీద చూసిన మోజే పుస్తకాలు కొనిపిస్తుందనుకుంటే, ఇన్నేళ్లుగా ప్రపంచాన్ని ఊపేస్తున్న మార్వెల్ సినిమాల వల్ల ఆ సంస్థ కామిక్స్ చదివేవాళ్లు మన చుట్టూ ఇంకా ఎక్కువగా ఉండాలి. ఐరన్ మ్యాన్ చనిపోతే థియేటర్లో కళ్లు తుడుచుకున్న నా స్నేహితుల్లో ఒక్కరు కూడా ఆ తర్వాత ఐరన్ మ్యాన్ కామిక్ కొనలేదు. డీమన్ స్లేయర్ చూసినవాళ్లలో కొందరు మాత్రం తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రం కొద్దీ 23 సంపుటాలూ తెచ్చుకుని చదివేశారు. తెర నుంచి పుస్తకానికి ఒకచోట దారి ఉండి, ఇంకొకచోట ఎందుకు లేకపోయిందన్నదే ఆలోచించవలసిన విషయం.

నాకు కనిపించే కారణం బొమ్మల తీరులోనో, జపాన్ మీది వ్యామోహంలోనో లేదు. మాంగా అన్నది చాలావరకు ఒక మనిషి మొదలుపెట్టి, ఆ మనిషే ముగించే కథ. అమెరికన్ సూపర్ హీరో కామిక్ ఒక సంస్థకు చెందిన ఆస్తి. దాని మీద రాబడి వస్తున్నంత కాలం ఆ కథ ముగియదు, ముగియనివ్వరు. మాంగాను ఎంచుకునే పాఠకుడు తెలిసో తెలియకో ఈ తేడానే ఎంచుకుంటున్నాడని నా వాదన. మిగతా కారణాలు, అంటే కథల వైవిధ్యం, పేజీలో దొరికే వెసులుబాటు, ఆడపిల్లలకు దొరికిన చోటు, చాలావరకు ఈ మూలం నుంచి పుట్టినవే.

పాశ్చాత్య కామిక్స్ అన్న మాట కింద నిజానికి చాలా ఉన్నాయి. యూదుల ఊచకోత మీద వచ్చి 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం పొందిన మౌస్ ఉంది, ఫ్రాన్స్ నుంచి ఆస్టరిక్స్ ఉంది, బెల్జియం నుంచి టిన్‌టిన్ ఉంది. వీటిని మాంగా అభిమానులు తీసిపారేయగా నేను వినలేదు. టిన్‌టిన్‌ను సృష్టించిన ఎర్జే తన తర్వాత ఆ కథలను మరొకరు కొనసాగించకూడదని కోరుకున్నాడు. 1983లో ఆయన పోయాక 24వ కథ చిత్తుబొమ్మల రూపంలో, అసంపూర్తిగానే అచ్చయింది. మాంగాకూ పాశ్చాత్య కామిక్స్‌కూ మధ్య పోలిక వచ్చినప్పుడు అందరి మనసులో ఉండేది మార్వెల్, డీసీ సంస్థల సూపర్ హీరోలే కాబట్టి నేనూ వాళ్ల గురించే మాట్లాడుతున్నాను.

స్పైడర్‌మ్యాన్ చదవాలనుకున్న కొత్త పాఠకుడు ఎక్కడ మొదలుపెట్టాలి? 1962లో పుట్టిన ఆ పాత్రకు వందల సంచికలు, డజన్ల కొద్దీ రచయితలు, పదేపదే ఒకటో నంబరు నుంచి మళ్లీ మొదలయ్యే వరసలు ఉన్నాయి. 2011లో డీసీ సంస్థ కొత్త పాఠకులకు సులువుగా ఉండాలని తన సూపర్ హీరో పత్రికలను ఆపి, 52 పత్రికలను ఒకటో నంబరుతో సరికొత్తగా ప్రారంభించింది; ఐదేళ్లు తిరిగేసరికి, 2016లో, మళ్లీ ఇంకొక కొత్త ప్రారంభం అవసరమైంది. కాలేజీ రోజుల్లో హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నేను ఏరుకున్న ఎక్స్‌మెన్, బ్యాట్‌మ్యాన్ సంచికలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ పూర్తి కథ కాదు. మాట మధ్యలో ఒక నక్షత్రం గుర్తు, బొమ్మ అడుగున చిన్న పెట్టెలో సంపాదకుడి గమనిక: ఈ సంగతి ఫలానా పత్రిక ఫలానా సంచికలో జరిగింది, చూడండి. ఆ ఫలానా సంచిక మరుసటి ఆదివారం అదే ఫుట్‌పాత్ మీద దొరకడం ఎంత అసాధ్యమో వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద సంఘటన పేరుతో నాలుగు పత్రికల కథలను ఒకదానితో ఒకటి ముడివేసినప్పుడైతే, ఒకే కథ పూర్తిగా తెలియాలంటే పదుల సంచికలు కొనాలి.

మాంగాలో ఈ తంటా లేదు. పుస్తకం వెన్ను మీద అంకె ఉంటుంది. డెత్ నోట్ 12 సంపుటాలు, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ 27, స్లామ్ డంక్ 31. ఒకటి చదివాక రెండు, రెండు చదివాక మూడు, చివరిదాని తర్వాత ఇక లేదు. తెలుగు పాఠకుడికి ఇది కొత్త పద్ధతి కూడా కాదు. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల వారం వారం ఉత్కంఠతో నడిచి, ముగిశాక పుస్తకంగా రావడం మన ఇళ్లలో ఒక తరమంతా చూసిందే. పుస్తకం వచ్చేదాకా ఆగలేక ఆంధ్రప్రభ, ఆంధ్రభూమి వారపత్రికల నుంచి ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టించి బైండు చేయించుకున్నవాళ్లు ఎందరో. మా అమ్మ దగ్గర అలాంటివి ఒక అరనిండా ఉండేవి. వెనక పేజీలో వంటల శీర్షిక సగం, వారఫలాలు సగం కనిపించేవి. జపాన్‌లో వీక్లీ షోనెన్ జంప్ వంటి పత్రికలు నాసిరకం కాగితం మీద అచ్చయి, రైల్లో చదివి పారేయడానికే వస్తాయి. దాచుకోదగిన కథ ఆ తర్వాత విడిగా సంపుటాల్లో వస్తుంది. మా అమ్మ కత్తెరతో చేసిన పని అక్కడ ప్రచురణకర్తే చేసిపెడుతున్నాడు.

ముగింపు ఉన్న కథలో మాత్రమే చావుకు అర్థం ఉంటుంది. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయాడని అమెరికా వార్తాపత్రికలు సైతం రాశాయి. నల్లటి సంచిలో పెట్టి అమ్మిన ఆ సంచిక కోసం దుకాణాల ముందు జనం బారులు తీరారు. మరుసటి ఏడాదే అతడు తిరిగొచ్చాడు. తిరిగొస్తాడని కొన్నవాళ్లకూ తెలుసు, అమ్మినవాళ్లకూ తెలుసు. 1987లో పెళ్లి చేసుకున్న స్పైడర్‌మ్యాన్ సంగతి ఇంకా విచిత్రం. పెళ్లయినవాడు వయసు మళ్లినవాడిలా కనిపిస్తాడన్న దిగులు సంస్థలోని పెద్దలకు పట్టుకుంది. 2007లో వచ్చిన కథలో, చావుబతుకుల్లో ఉన్న, తనను పెంచిన పెద్దమ్మను బతికించుకోవడం కోసం పీటర్ పార్కర్ తన పెళ్లినే ఒక పిశాచాధిపతికి ధారపోశాడు. ఇరవై ఏళ్ల దాంపత్యం, దానితో పాటు ఇరవై ఏళ్లు ఆ కథను నమ్మి చదివిన పాఠకుల జ్ఞాపకాలు, అసలు జరగనే లేదన్నట్టు తుడిచిపెట్టుకుపోయాయి.

హిరోము అరకావా 2001 నుంచి 2010 దాకా గీసిన ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్‌ను దీని పక్కన పెట్టి చూడండి. ఆ కథ మొదలయ్యేదే, పోయిన తల్లిని రసవాదంతో వెనక్కి తెచ్చుకోబోయిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు కాలూ చేయీ, ఇంకొకడు మొత్తం శరీరం పోగొట్టుకోవడంతో. పోయినవాళ్లు తిరిగిరారన్నది ఆ ప్రపంచంలో అందరికీ వర్తించే నియమం. అందుకే, నవ్విస్తూ, కనిపించిన ప్రతివాడికీ జేబులోంచి కూతురి ఫొటో తీసి చూపిస్తూ తిరిగే హ్యూస్ అనే అధికారి హత్యకు గురైనప్పుడు మనకు ఊపిరాడదు. అంత్యక్రియల దగ్గర అతని చిన్న కూతురు తల్లి చేయి పట్టుకుని, నాన్న మీద మట్టి ఎందుకు వేస్తున్నారు, నాన్నకు బోలెడు పనులున్నాయి కదా, ఇలా అయితే ఎలా చేసుకుంటాడు అని అడుగుతుంది. చుట్టూ నిలబడ్డ సైనికులు ఎవరూ ఆ పిల్ల వైపు చూడలేరు. సూపర్‌మ్యాన్ అంతిమయాత్రకు ప్రపంచంలోని హీరోలంతా వచ్చారు. ఈ ఒక్క పాప ప్రశ్న ముందు ఆ ఆర్భాటమంతా నాకు వెలవెలబోయింది.

డ్రాగన్ బాల్‌లో చచ్చినవాళ్లు బతికి వస్తూనే ఉంటారు కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, అకిరా తొరియామా ఆ విషయంలో అమెరికన్లకు ఏమాత్రం తీసిపోడు. కానీ 1984లో అడవిలో ఒంటరిగా తిరిగే తోక ఉన్న పిల్లాడిగా మొదలైన గోకు, 1995లో కథ ముగిసేనాటికి పెళ్లి చేసుకుని, ఇద్దరు కొడుకుల తండ్రై, మనవరాలిని చూసిన తాత. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ ఈనాటికీ అదే వయసులో ఉన్నాడు. చదివేవాడికి వయసు వస్తున్నప్పుడు చదివించేవాడికి రాకపోతే, ఏదో ఒక రోజు ఇద్దరికీ మాటలు కరువవుతాయి.

ఇప్పుడు పేజీల సంగతికి వస్తాను, ఎందుకంటే చాలామంది మాంగా శైలి అనుకునేది నిజానికి పేజీల లెక్క. అమెరికన్ నెలవారీ సంచికలో కథకు దక్కేది సుమారు 20 పేజీలు. ఏడాదికి 250 దాటవు. జపాన్ వారపత్రికలో ఒక రచయిత వారానికి 19 పేజీల చొప్పున గీస్తే ఏడాదికి దాదాపు 900 పేజీలవుతాయి. తెలుపు నలుపుల్లో, సహాయకులను పెట్టుకుని, నిద్ర మానుకుని గీస్తారు. అంత చోటు ఉన్నవాడు కథను పరుగులు పెట్టించనక్కర్లేదు. తకెహికో ఇనోవే 1990 నుంచి 1996 దాకా గీసిన స్లామ్ డంక్ బాస్కెట్‌బాల్ కథ. సన్నో జట్టుతో జరిగే చివరి ఆటలో ఆఖరి నిమిషం వచ్చేసరికి మాటల బుడగలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ప్రేక్షకుల అరుపులు లేవు, ధ్వనులను సూచించే అక్షరాలు లేవు. పరుగెత్తే కాళ్లు, చెమట, గడియారం, గాల్లో బంతి, ఇంతే. పేజీ తరవాత పేజీ అలాగే సాగుతుంది. మనమే ఊపిరి బిగపట్టి పేజీలు తిప్పుతూ ఆ నిశ్శబ్దాన్ని మోయాలి. మొదటి రోజు నుంచి ఒకరినొకరు సహించని సకురాగి, రుకావా అనే ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు రెండోవాడికి బంతి అందిస్తాడు. వాడు వేస్తాడు. 79-78. రెండు పేజీలకూ పరుచుకున్న ఒకే బొమ్మలో ఇద్దరి అరచేతులూ గట్టిగా చరుచుకుంటాయి, మరుక్షణం ఇద్దరూ ఏమీ జరగనట్టు మొహాలు తిప్పేసుకుంటారు. అమెరికన్ సంచికలో అయితే ఈ నిమిషమంతా మూడు పేజీల్లో అయిపోవలసిందే. గీసేవాడికి ప్రతిభ లేక కాదు, మిగిలిన పేజీల్లో ఇంకేదో జరిగి తీరాలి గనుక.

అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తర్వాత జరిగేది. ఇంత ఘనంగా గెలిచిన జట్టు తర్వాతి ఆటలో చిత్తుగా ఓడిపోయిందని రచయిత ఒక్క వాక్యంలో చెప్పి, కథ ముగించేస్తాడు. ఆ పత్రికలో అత్యంత ప్రజాదరణ ఉన్న కథల్లో అదొకటి. ఇంకో ఐదేళ్లు నడిపించుకునే అవకాశం ఉండగా, చెప్పవలసింది చెప్పేశానని ఒక రచయిత ఆగిపోగలిగాడంటే, ఆ కథ మీద హక్కు ఎవరిదో అర్థమవుతుంది. జపాన్‌లో సాధారణంగా కాపీరైటు రచయిత దగ్గరే ఉంటుంది. అమెరికాలో 1938లో జెర్రీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు ఇచ్చేశారు. ఆ తర్వాత సూపర్‌మ్యాన్‌కు ఏం జరగాలన్నది వాళ్ల చేతుల్లో లేకుండా పోయింది.

ఎవరికి అమ్ముతున్నామన్న దానిలోనూ తేడా ఉంది. 1991లో వచ్చిన కొత్త ఎక్స్‌మెన్ మొదటి సంచిక 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. ఒకే కథను వేర్వేరు అట్టలతో వేశారు. ధర పెరుగుతుందన్న ఆశతో ఒక్కొక్కరు అన్ని అట్టలూ కొని, ప్లాస్టిక్ కవర్లు విప్పకుండా దాచుకున్నారు. ఐదేళ్లకు ఆ బుడగ పేలి, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. దాదాపు అదే కాలంలో, 1994 చివర, షోనెన్ జంప్ ఒక్క వారం సంచిక 65 లక్షల 30 వేల ప్రతుల దాకా వెళ్లింది. వాటిని ఎవరూ దాచుకోలేదు, చదివి పారేశారు. దాచుకునేవాడి కోసం తయారయ్యే వస్తువుకూ, చదివేవాడి కోసం తయారయ్యే వస్తువుకూ మధ్య ఉండే దూరం ఈ రెండు అంకెల్లో నాకు కనిపిస్తుంది.

అమెరికాలో కూడా ఒకప్పుడు అన్ని రకాల కామిక్స్ ఉండేవి. ప్రేమకథల కామిక్స్‌కు 1947లో శ్రీకారం చుట్టిన ఇద్దరిలో ఒకరు, తర్వాతి కాలంలో మార్వెల్ హీరోల రూపకర్తగా పేరు పొందిన జాక్ కర్బీయే. 1954లో సెనేట్ ఉపసంఘం విచారణలు, పిల్లలు చెడిపోతున్నారన్న గగ్గోలు, వాటికి జడిసి ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న కామిక్స్ కోడ్ అనే నియమావళి వచ్చి నేరకథలను, భయానక కథలను దాదాపు తుడిచిపెట్టాయి. 1970ల నుంచి అమ్మకం మామూలు దుకాణాలను వదిలి ప్రత్యేకమైన కామిక్స్ షాపులకు చేరడంతో సూపర్ హీరోలు, వాళ్లను చదివే మగపిల్లలు మిగిలారు. అదే 1970లలో జపాన్‌లో మోతో హాగియో, కెయికో తకెమియా వంటి యువతులు అమ్మాయిల పత్రికల రూపురేఖలనే మార్చేస్తున్నారు. కాబట్టి 2002లో మాంగాను ఇంగ్లీషులో ప్రచురించే టోక్యోపాప్ సంస్థ జపాన్‌లో లాగే కుడి నుంచి ఎడమకు చదివే సంపుటాలను 9.99 డాలర్లకు మామూలు పుస్తకాల షాపుల్లో పెట్టినప్పుడు, అమెరికన్ అమ్మాయిలు వాటి కోసం ఎగబడ్డారంటే అందులో వింతేముంది? కామిక్స్ షాపులో వాళ్లకోసం ఒక్క అర కూడా లేదు. ఇక్కడ గోడనిండా ఉన్నాయి.

వైవిధ్యం అంటే కొందరు పెద్ద పట్టిక చదువుతారు, వంట, షోగి అనే జపాన్ చదరంగం, వాలీబాల్, వైద్యం అంటూ. నేను ఒక్కదానితో సరిపెడతాను. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ ముగించాక అరకావా, హొక్కైడోలో పాడి పశువుల మధ్య పెరిగిన తన అనుభవంతో, సిల్వర్ స్పూన్ అనే వ్యవసాయ పాఠశాల కథ గీసింది. పట్నం నుంచి వచ్చిన హచికెన్ అనే కుర్రాడు బక్కచిక్కిన ఒక పందిపిల్లను చేరదీస్తాడు. పేరు పెట్టకురా, తర్వాత బాధపడతావు అని తోటివాళ్లు చెబుతున్నా, పంది మాంసంతో చేసే అన్నం వంటకం పేరే దానికి పెట్టి పెంచుతాడు. అది పెరుగుతుంది, లారీ ఎక్కుతుంది, మాంసమై తిరిగొస్తుంది. దాచుకున్న డబ్బుతో ఆ మాంసమంతా అతడే కొని, పొగబెట్టి బేకన్ చేసి, అందరికీ పంచి తానూ తింటాడు. తప్పు ఎవరిదీ కాదు, పరిష్కారం ఏదీ లేదు. జాతర కోసం ఇంట్లో మేకపిల్లను పెంచిన పిల్లలకు ఈ ఇరకాటం ఏమిటో బాగా తెలుసు. దీన్ని అచ్చువేసింది మగపిల్లలు చదివే వారపత్రిక, పక్క పేజీల్లో కొట్లాట కథలతో పాటే.

మాంగాలో అంతా బాగుందని కాదు. పాఠకుల ఓటు కార్డుల్లో వెనకబడిన కథను రెండు మూడు నెలల్లోనే నిర్దాక్షిణ్యంగా ఆపేస్తారు. అది కూడా ముగింపే, కానీ రచయిత కోరుకున్నది కాదు. వారానికి 19 పేజీల చాకిరీ ఆరోగ్యాలను హరిస్తుంది. హంటర్ ఎక్స్ హంటర్ రచయిత తొగాషి నడుం నొప్పితో ఏళ్ల తరబడి విరామాలు తీసుకోవలసి వచ్చింది. 1994లో మొదలైన డిటెక్టివ్ కోనన్ వంద సంపుటాలు దాటినా ఆ బుల్లి డిటెక్టివ్ ఒకటో తరగతి దాటలేదు. రంగుల్లో, ఒక్కొక్క బొమ్మ మీద పెట్టే శ్రద్ధలో నా ఓటు ఇప్పటికీ అమెరికాకే.

అయినా అమెరికన్ కామిక్స్‌ను ప్రాణంగా ప్రేమించేవాళ్లు ఏవి మెచ్చుకుంటారో గమనిస్తే నా వాదన బలపడుతుందే గానీ తగ్గదు. ఎక్స్‌మెన్ అంటే క్రిస్ క్లేర్‌మాంట్ రాసిన కాలమే అంటారు. 1975 నుంచి 1991 దాకా ఆ కథను నడిపింది ఆయనొక్కడే. హక్కులు రచయితల దగ్గరే ఉంచే ఇమేజ్ సంస్థ నుంచి 2003లో మొదలైన ది వాకింగ్ డెడ్, తెలుపు నలుపుల్లో, ఒకే రచయిత చేతిలో 193 సంచికలు నడిచి 2019లో ముందస్తు ప్రకటన లేకుండా ముగిసింది. దాన్ని చదవడానికి మాంగా పాఠకులు ఏమాత్రం వెనకాడలేదు. రెండు రకాల కథలను విడదీసే గీత పసిఫిక్ సముద్రం కాదన్నమాట.

ఇప్పుడు నాకున్న అనుమానం జపాన్ మీదే. డ్రాగన్ బాల్ ముగిసిన ఇరవై ఏళ్లకు, 2015లో, వేరొకరి బొమ్మలతో కొత్త వరస మొదలైంది. 2024 మార్చిలో తొరియామా కన్నుమూశాడు, గోకు మాత్రం పనిలోనే ఉన్నాడు. 2014లో ‘నరుతో’ అనే మాంగా 72 సంపుటాలతో ముగిస్తే, 2016లో దాని హీరో కొడుకు కథ ఇతరుల చేతులతో మొదలైంది. డీమన్ స్లేయర్ మాత్రం 2020లో, అమ్మకాలు ఆకాశాన్నంటుతున్న సమయంలో, 205వ అధ్యాయంతో ఆగింది, సినిమాలు ఎన్ని వస్తున్నా రచయిత దాన్ని పొడిగించలేదు. వన్ పీస్ 1997 నుంచి నడుస్తోంది, 50 కోట్ల ప్రతులు దాటింది, 2022లో దాని రచయిత ఎయిచిరో ఓదా చివరి భాగంలోకి అడుగుపెట్టానని ప్రకటించాడు. ఇన్ని ప్రతులు అమ్ముడైన కథ మాంగాలో మరొకటి లేదు కాబట్టి, ఆయన ఆఖరి పేజీ గీసిన తర్వాత ప్రచురణకర్త అయిన షూయేషా సంస్థ దాన్ని అలా వదిలేస్తుందా లేదా అన్నదే నా వాదనకు అసలు పరీక్ష. వన్ పీస్ హీరో లూఫీ కొడుకు పేరుతో ఇంకొక చేయి ఒకటో సంపుటం మొదలుపెడితే, పైన మార్వెల్ గురించి, డీసీ గురించి రాసినవన్నీ షూయేషాకూ వర్తిస్తాయి, ఆ సంపుటం నేను కొనను.